బియ్యం నిండుకున్నాయా, అయిపోయాయా?

మాది చౌల్దారీ, దక్షిణ అండమాన్‌లో ఒక పల్లెటూరు. మా తాతలది శ్రీకాకుళం జిల్లా. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవుల్లో తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్ళు సుమారు 13 శాతం. సముద్రం దాటి వచ్చినప్పుడు మావాళ్ళు భాషతో పాటు నమ్మకాలు కూడా మూటగట్టుకుని వచ్చారు. అందులో ఒకటి, ఇంట్లో బియ్యం అయిపోతే "లేవు" అనకూడదు, "నిండుకున్నాయి" అనాలి. లేవు అంటే లక్ష్మి అలిగి వెళ్ళిపోతుందట! ఇంకొకటి, శనివారం నూనె, ఉప్పు కొనకూడదు.

మాట మార్చినంత మాత్రాన డబ్బా నిండుతుందా అని నేను చిన్నప్పుడు అమ్మతో వాదించేవాణ్ణి. "నీకేటి తెల్దు, ఊరుకోరా" అనేది అమ్మ. ఇవి మూఢనమ్మకాలే అయినా వీటి వల్ల ఎవరికీ నష్టం లేదులే అని కొన్నాళ్ళకి నేనూ ఊరుకున్నాను. అది పొరపాటని కిరాణా కొట్టు అరువు పుస్తకం చూశాక తెలిసింది.

నాన్న పట్నం వెళ్ళేది శనివారమే. అక్కడ నూనె మా ఊళ్ళో కంటే చవక. కానీ శనివారం కదా, కొనేవాడు కాదు. ఆదివారం మా ఇంటి పక్క కొట్టులో అదే నూనె అరువుకి తెచ్చేవాళ్ళం. బియ్యం సంగతీ అంతే. "లేవు" అనే మాటే అపశకునం అయితే, ఎంత తక్కువ ఉన్నాయో కొలిచి చూడడం కూడా అపశకునమే కదా. అందుకే నిండుకున్న రోజు దాకా ఎవరూ డబ్బాలోకి చూసేవాళ్ళు కాదు. ఆ రోజు మాత్రం ఏ ధర చెబితే ఆ ధరకి తెచ్చుకోవడమే. ఒకసారి నేను కూర్చుని ఆ అరువు పుస్తకం మొత్తం లెక్క వేశాను. కొన్ని సరుకుల ధర ప్యాకెట్ మీద అచ్చు వేసిన ధర కంటే ఎక్కువ ఉంది. ఒక నూనె ప్యాకెట్ రెండుసార్లు రాసి ఉంది. కొట్టువాడిది మోసమో, పరాకో నాకు తెలియదు. మేము లెక్క చూడలేదన్నది మాత్రం నిజం.

ఈ దీవుల్లో లెక్క చూసుకోవడం చిన్న విషయం కాదు. 1858 మార్చిలో డాక్టర్ వాకర్ 200 మంది ఖైదీలతో ఇక్కడ దిగినప్పటి నుంచి ఇక్కడి జీవితం ఓడ మీద ఆధారపడినదే. ఇప్పటికీ బియ్యం, పప్పులు, నూనె చాలావరకు సుమారు 1200 కిలోమీటర్ల అవతల నుంచి రావలసిందే. ఓడ ఆలస్యమైతే ధర పెరుగుతుంది. అది గ్రహాల వల్ల కాదు, గోడౌన్ ఖాళీ అవ్వడం వల్ల.

ఓడలు అసలే రాకపోతే ఏమవుతుందో కూడా ఈ దీవులు చూశాయి. 1942 మార్చిలో జపాన్ సైన్యం అండమాన్‌ని ఆక్రమించుకుంది. యుద్ధం ముదిరి సరఫరాలు నిలిచిపోయాక జనం ఆకలితో అలమటించారు. 1945 ఆగస్టులో, కొత్త భూమి సాగు చేసుకోవచ్చని చెప్పి, వందల మందిని పడవల మీద హావ్‌లాక్ దీవి వైపు తీసుకెళ్ళి సముద్రంలోకి తోసేశారు. బతికి బయటపడినవాళ్ళు చాలా కొద్దిమంది. తిండి గింజలు తక్కువైతే తినే నోళ్ళని తగ్గించడమే ఆ పాలకులకి తోచిన పొదుపు! ఆకలి రోజుల్లో ఇక్కడ పూజలు చేసినవాళ్ళూ ఉండే ఉంటారు, నమాజు చేసినవాళ్ళూ ఉండే ఉంటారు. ఆకలి మాత్రం తేడా చూపించలేదు. నిల్వలెన్ని ఉన్నాయి, ఎవరికి ఎంత ఇస్తున్నారు అని అడిగే హక్కు జనానికి లేకపోవడమే ఇక్కడ అసలు సమస్య.

ఆ హక్కు కోసం జనం తమంతట తాము ప్రయత్నించిన కథ ఒకటి ఉంది. దానికీ నాస్తికత్వానికీ ఉన్న సంబంధం మన హేతువాదుల్లో కూడా చాలామందికి తెలియదు. ఇంగ్లాండ్‌లోని రోచ్‌డేల్ పట్టణంలో 1844లో 28 మంది, అందులో చాలామంది నేత పనివాళ్ళు, మనిషికి ఒక పౌండ్ చొప్పున పోగుచేసి డిసెంబర్ 21న ఒక కొట్టు తెరిచారు. అమ్మింది పిండి, వెన్న, చక్కెర, ఓట్ పిండి, కొవ్వొత్తులు, అంతే. ఆ రోజుల్లో పిండిలో సుద్ద కలపడం మామూలు. కొన్నిచోట్ల మిల్లు యజమానులు జీతం డబ్బులకి బదులు తమ కొట్లలోనే చెల్లే చీటీలు ఇచ్చేవాళ్ళు. రోచ్‌డేల్ వాళ్ళ నియమాలు సులువైనవి. కల్తీ లేని సరుకు, సరైన తూకం, నగదు బేరం, అరువు లేదు. ఎంత డబ్బు పెట్టినా మనిషికి ఒకటే ఓటు. మిగిలిన లాభం, ఎవరు ఎంత సరుకు కొంటే ఆ లెక్కన పంచుకోవాలి.

ఈ కొట్టు కథని 1858లో పుస్తకంగా రాసి ప్రపంచానికి తెలియజేసింది జార్జ్ జేకబ్ హోలియోక్. 1842లో చెల్టెన్‌హామ్ సభలో దేవుడి గురించి ఎవరో ప్రశ్న అడిగితే నిర్మొహమాటంగా సమాధానం చెప్పినందుకు అతనికి ఆరు నెలలు జైలుశిక్ష వేశారు. జైల్లో ఉండగా అతని చిన్న కూతురు చనిపోయింది. 1851లో 'సెక్యులరిజం' అనే మాటని వాడుకలోకి తెచ్చింది కూడా అతనే. ఆ తర్వాత అతను దేవుడు లేడని వాదించడంతోనే సరిపెట్టుకోలేదు. కూలివాడి వంటింటికి కల్తీ లేని పిండి ఎలా చేరుతుందో దశాబ్దాల తరబడి రాశాడు. మనం బాబాల గుట్టు రట్టు చేస్తున్నాం, మంచిదే. కానీ మనలో ఎంతమంది కిరాణా బిల్లు గురించి రాశారు?

మన దేశంలో 1904లో సహకార పరపతి సంఘాల చట్టం వచ్చింది. అదే ఏడాది మద్రాసు ట్రిప్లికేన్‌లో రోచ్‌డేల్ స్ఫూర్తితో వినియోగదారుల సహకార సంఘం మొదలైంది. అప్పట్లో శ్రీకాకుళం కూడా మద్రాసు ప్రెసిడెన్సీలోనిదే. అలాగని 'సహకారం' అన్న మాట మంత్రం కాదు. 1966లో ఢిల్లీలో ఎంతో ఆర్భాటంగా మొదలైన సూపర్ బజార్ 2002లో మూతపడింది. సభ్యులు లెక్క అడగడం మానేస్తే సహకార సంఘం కూడా "నిండుకుంటుంది".

ఇంట్లో పొదుపుకి కూడా అదే సూత్రం. లీటరు నూనె కిలో తూగదు, సుమారు 910 గ్రాములే తూగుతుంది. కాబట్టి లీటరు ప్యాకెట్ ధరని కిలో ప్యాకెట్ ధరతో నేరుగా పోల్చకూడదు. 180 రూపాయల కిలో ప్యాకెట్ పక్కన 170 రూపాయల 900 గ్రాముల ప్యాకెట్ చవకగా కనిపిస్తుంది. 100 గ్రాములకి లెక్కిస్తే మొదటిది 18 రూపాయలు, రెండోది దాదాపు 19. కొన్ని సరుకులు ఫలానా సైజు ప్యాకెట్లలోనే అమ్మాలని పాత నిబంధన ఉండేది. 2021 సవరణలో అది తీసేసి, గ్రాముకో కిలోకో ధర ఎంతో ప్యాకెట్ మీద అచ్చు వెయ్యాలన్నారు. అంటే ధర మార్చకుండా సరుకు తగ్గించే వీలు పెరిగింది, అది పట్టుకునే ఆధారమూ మన చేతికి వచ్చింది. ఆ చిన్న అక్షరాలు చదవకపోతే తప్పు ఎవరిది?

మా ఇంట్లో ఇప్పుడు అరువు పుస్తకం లేదు, మా సొంత లెక్కల పుస్తకం ఉంది. ప్రతి ఆదివారం అమ్మే కొలిచి చెబుతుంది, నేను రాస్తాను. మొన్న "పది కిలోలున్నాయిరా, పన్నెండు రోజులొస్తాయి. ఓడ ఎప్పుడొస్తాదో కనుక్కో" అంది. నూనె విషయంలో మాత్రం ఇంకా పట్టు విడవలేదు. అందుకని నాన్న శనివారం పట్నంలో నూనె కొని, సంచిలోనే ఉంచి, ఆదివారం బయటికి తీస్తున్నాడు. అమ్మకి తెలుసు. ధర మాత్రం అడిగి రాయిస్తోంది.