ఘోటుల్‌ను అలికిందెవరు

ఘోటుల్ ఎలా పుట్టిందో బస్తర్ మురియా గోండులు చెప్పుకునే కథలో ఒక ఇంటి వర్ణన వస్తుంది. లింగో పేన్ అనే దేవుడి కాలం నాటి మొట్టమొదటి ఘోటుల్ అది. నడిమి స్తంభం కొండచిలువ. వాసాలు కట్లపాములు, వాటిని బిగించింది రక్తపింజరులతో. కప్పు మీద గడ్డికి బదులు నెమలి పురులు. నేలను పేడతో కాకుండా పప్పుతో అలికారట. ఒళ్లు జలదరించే ఈ పాముల సందడిలో చెవిన పడకుండా పోయే సంగతి ఒకటుంది. దేవుడి ఇంటి గురించి చెప్పేటప్పుడు కూడా మురియాలు మేస్త్రీల్లాగే చెప్పారు. స్తంభం, వాసం, కట్టు, కప్పు, అలుకు. ఇల్లు కట్టి, పాడైతే బాగుచేసుకున్న చేతులకే ఆ వరస తెలుస్తుంది.

ఘోటుల్ అంటే ఊళ్లో పెళ్లికాని పిల్లల ఇల్లు. అబ్బాయిలు చేలిక్‌లు, అమ్మాయిలు మోటియారీలు. పొద్దుగూకాక వచ్చి ఆడతారు, పాడతారు, కథలు చెప్పుకుంటారు, అక్కడే పడుకుంటారు. తెల్లారేసరికి ఎవరిళ్లకు వాళ్లు, ఎవరి పనులకు వాళ్లు. పెళ్లయిందా, సభ్యత్వం చెల్లిపోయినట్టే. ఉత్తర బస్తర్‌లో, అంటే ఇప్పటి నారాయణ్‌పూర్, కొండగావ్ జిల్లాల్లో, అంతాగఢ్ చుట్టుపక్కల ఈ ఆచారం బాగా పాతుకుపోయింది. ఆటపాటలకు ఆదిగురువు కూడా లింగోయే. పద్దెనిమిది వాయిద్యాలు ఒక్కడే ఒకేసారి వాయించేవాడని చెబుతారు.

ఈ ఇంటిని బయటి ప్రపంచానికి పరిచయం చేసినవాడు వెరియర్ ఎల్విన్. ఇంగ్లండులో 1902లో పుట్టి, ఆక్స్‌ఫర్డ్‌లో చదివి, క్రైస్తవ సేవ కోసం 1927లో ఇండియాకు వచ్చాడు. తర్వాత గోండుల మధ్య కాపురం పెట్టి, చర్చినీ వదిలేశాడు. 1940ల మొదట్లో బస్తర్ సంస్థానంలో ఊరూరూ తిరిగి రాసిన ‘ద మురియా అండ్ దెయిర్ ఘోటుల్’ 1947లో అచ్చయింది. ఏడు వందల పేజీలు దాటిన గ్రంథం. అంత లావు పుస్తకంలో లోకానికి నచ్చింది మాత్రం రాత్రిపూట సంగతులే. కుర్రకారు కలిసి పడుకుంటారన్న ఒక్క మాట పట్టుకుని పత్రికలూ కెమెరాలూ దశాబ్దాలపాటు ఆ గుమ్మం చుట్టూ తిరిగాయి. పగటి పేజీలు చదివిన వాళ్లు తక్కువ. అసలు సరుకంతా వాటిలోనే ఉంది.

చీకటి పడే వేళకు ఘోటుల్‌కు వచ్చే చిన్నవాడి చేతిలో కట్టెపుల్ల ఉండాలి. రాత్రంతా నెగడు మండాలి కాబట్టి రోజూ తేవాలి. తేకపోతే జరిమానా. అమ్మాయిల వంతు లోపలా వాకిటా ఊడ్చి, పేడతో అలకడం. పేడలో ఎర్రమట్టి కలిపి, నీళ్లు చిలకరించి, మోకాళ్ల మీద కూర్చుని అరచేత్తో అర్ధచంద్రాలుగా పూసుకుంటూ వెనక్కి జరగాలి. ఆ పని మన పల్లెల్లో అమ్మమ్మలు చేసినట్టే, తేడా ఏమీ లేదు. ఆరిన తర్వాత వేళ్ల చారలు నేల మీద అలాగే నిలుస్తాయి. ఎవరు అలికారో ఆ చారలను బట్టి చెప్పేయొచ్చు. అబ్బాయిలు దడి కడతారు, అడవి నుంచి స్తంభాలు మోసుకొస్తారు, అడ్డతీగ నారతో వాసాలు బిగిస్తారు, వానలకు ముందు కప్పు సరిచేస్తారు. ఊరి పెద్దలు లోపలి వ్యవహారంలో పెద్దగా వేలు పెట్టరు. ఇల్లు పిల్లలది, మరమ్మతూ పిల్లలదే.

పని పంచేందుకు ఒక దర్బారే ఉండేది. ఘోటుల్‌లో చేరినవాడి ఇంటిపేరు, ఒంటిపేరు గుమ్మం బయటే ఆగిపోతాయి. లోపల కొత్త పేరు ఇస్తారు. అబ్బాయిల్లో సిర్దార్, దివాన్, కొత్వార్ ఉంటారు. అమ్మాయిల్లో బెలోసా, దులోసా, ఆలోసా, జాంకో, మల్కో. ఇవి ముద్దుపేర్లు కావు, హోదాలు. ఎవరు ఊడ్చారు, ఎవరు ఎగ్గొట్టారు, జరిమానా ఎవరి మీద పడాలి అని తేల్చేది వీళ్లే. బస్తర్ రాజధాని జగదల్‌పూర్ కొలువులో ఉన్న ఉద్యోగాల పేర్లను ఊళ్లో పదిహేనేళ్ల కుర్రాడు మోస్తున్నాడంటే అందులో కాస్త వెక్కిరింత కూడా ఉండి ఉంటుందనిపిస్తుంది. ఓరుగల్లు పడిపోయాక కాకతీయుడైన అన్నమదేవుడు గోదావరి దాటి వచ్చి పెట్టిన రాజ్యం తమదని చెప్పుకున్న రాజులకు దివాను ఒక్కడే. మురియాలకు ఊరికో దివాను.

ఈ పిల్లలు తమ ఇల్లు ఒక్కటే చూసుకుని ఊరుకోలేదు. ఊళ్లో పెళ్లి జరిగితే ఆకులు కుట్టేది, కట్టెలు కొట్టేది, నీళ్లు మోసేది, తెల్లవార్లూ ఆడిపాడేది వాళ్లే. పొలం పనికి, ఇల్లు కట్టుకోవడానికి మనుషులు కావాలంటే జనం ఘోటుల్‌కు కబురు పెట్టేవారు. పుష్యమాసంలో చేలిక్‌లు కోలాటం కర్రలతో ఊరూరూ తిరిగి ఆడి రావడం ఉంది, దాన్ని పూస్ కొలాంగ్ అంటారు. ఈ లెక్కలన్నీ ఎల్విన్ రాశాడు. దీన్ని ఊరి కూలి బృందం అనొచ్చు, వాయిద్య బృందం అనొచ్చు, పిల్లల పంచాయతీ అనొచ్చు. పడకటిల్లు అని మాత్రమే అనడం చూసినవాళ్ల కంటి దోషం.

ఒక రకంగా ఘోటుల్ కుర్రకారు క్లబ్బు. మరి క్లబ్బు అన్నాక తాగే చోటు ఉండాలి కదా? బస్తర్‌లో ఆ చోటు చెట్టు కింద. మనం జీలుగ అనే చెట్టును అక్కడ సల్ఫీ అంటారు. వెదురు నిచ్చెన ఎక్కి దించిన కల్లును ఆకుదొప్పల్లో పోసుకుని, చెట్టు మొదట్లోనే గుంపుగా కూర్చుని తాగుతారు. సల్ఫీ చెట్టంటే ఆస్తి. కూతురి పెళ్లికి చెట్టునే ఇచ్చే అలవాటు ఉంది. ఇక ఇప్పసారా, బియ్యంతో చేసే లాందా సంతలో ఆడవాళ్ల దగ్గర దొరుకుతాయి. ఇంట్లో సారా కాచుకోవద్దన్న ఆంక్ష, అడవిని రిజర్వు చేయడం, వెట్టి చాకిరీ అన్నీ కలిసి 1910 ఫిబ్రవరిలో గుండాధూర్ నాయకత్వంలో భూమ్‌కాల్ అనే తిరుగుబాటుగా రాజుకున్నాయి. ఈ మధ్య ఒక శిలీంధ్రం అంటుకుని సల్ఫీ చెట్లు నిలువునా ఎండిపోతున్నాయి. ఈ బారుకు సున్నం కొట్టి బాగుచేయలేరు. కొత్త మొక్క నాటి ఏళ్ల తరబడి ఎదురుచూడాలి.

ఘోటుల్ ఎందుకు తగ్గింది? బయటివాళ్ల చూపు సోకి సిగ్గుపడి కొన్ని ఊళ్లు మూసుకున్నాయి. పిల్లలు ఆశ్రమ పాఠశాలలకు వెళ్లారు, రాత్రి నిద్ర హాస్టల్‌కు మారింది. 2005 తర్వాత, మావోయిస్టులకు వ్యతిరేకంగా నడిచిన సల్వాజుడుం రోజుల్లో, దక్షిణ బస్తర్ ఊళ్లు ఖాళీ అయ్యాయి. అలా గోదావరి వైపు వచ్చిన వాళ్లనే తెలంగాణలో గుత్తికోయలు అంటున్నారు. తలుపుకు తాళం వేసినంత మాత్రాన ఇల్లు కూలదు. ఒక వానాకాలం ఎవరూ కప్పు ఎక్కకపోతే చాలు. కారిన నీరు మట్టిగోడలోకి దిగుతుంది, చెదలు స్తంభాన్ని పట్టుకుంటాయి. రెండో వానకు గోడ జారుతుంది.

ఇటీవలి ఏళ్లలో ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం దేవగుడులకు, ఘోటుళ్లకు మరమ్మతు నిధులు ఇచ్చింది. మంచిదే. కానీ సిమెంటు నేలకు అలుకు అక్కర్లేదు, రేకుల కప్పుకు నార అక్కర్లేదు. పనే లేనిచోట దివాను ఎవరికి పని చెప్పాలి? అందుకే చేతి పనిని నిలబెట్టిన ఊళ్ల వైపు చూడాలి. నారాయణ్‌పూర్ దగ్గరి గఢ్‌బెంగాల్ అలాంటిది. పులితో ఆడుకున్న కుర్రాడిగా సినిమాకెక్కిన చెంద్రూ మండావిది ఆ ఊరే. చెక్క శిల్పానికి, గాలిలో ఊపితే మోగే బస్తర్ వేణువుకు 2025లో పద్మశ్రీ అందుకున్న పండీరామ్ మండావిదీ ఆ ఊరే. చేలిక్‌లు తమ మోటియారీల కోసం చెక్కిన దువ్వెనల మీద, ఘోటుల్ స్తంభాల మీద కనిపించే గీతలకు, నేడు పట్నం ప్రదర్శనల్లో అమ్ముడుపోయే చెక్కబొమ్మల గీతలకు చుట్టరికం ఉంది.

ఆశ్రమ పాఠశాల పిల్లలు వేసవి సెలవులకు ఇంటికి వస్తారు. పాత గడ్డి దించి, చెదపట్టిన వాసం మార్చి, కొత్త నారతో కట్టే నెల కూడా అదే.