ఊరి బీరు – ఊరు దాటిన బీరు

తెల్లవారుజామున చెట్టు నుండి దించిన కల్లు పొద్దు వాలేసరికి పులిసిపోతుందని మన పల్లెలలో తెలియనివారు లేరు. అందువల్లనే ఏ ఊరి కల్లు ఆ ఊరికే పరిమితమై ఉండేది. పాశ్చాత్య దేశాలలో బీరు స్థితి కూడ ఒకప్పుడు ఇంచుమించు ఇటువంటిదే. మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ గింజలను వేడినీటిలో నానబెట్టి, ఆ తియ్యని నీటిని హాప్స్ అనే తీగ పువ్వులతో కాచి, చల్లార్చి, ఈస్టుతో పులియబెడితే బీరు అవుతుంది. దానిని తయారుచేసే కర్మాగారమే బ్రూవరీ. కొన్ని ఘాటైన రకాలను మినహాయిస్తే, బీరు ఎండకు, కుదుపుకు, కాలవిలంబనకు ఓర్వదు. కాబట్టి త్రాగేవారు ఉన్నచోటనే బ్రూవరీ కూడ ఉండవలసి వచ్చినది.

మద్యపానం మంచిదా, చెడ్డదా అన్న వివాదం వేరు. ఇక్కడ మనం పరిశీలించేది ఒక చేతిపని చరిత్ర. అది అమెరికా సంయుక్త రాష్ట్రాలలో చూపినంత స్పష్టంగా మరెక్కడా కనిపించదు.

పందొమ్మిదవ శతాబ్ది మధ్యకాలంలో జర్మనీ నుండి వలసవచ్చినవారు లాగర్ అనే బీరును అమెరికాకు తెచ్చారు. అది చల్లని నేలమాళిగలలో నెమ్మదిగా పక్వం కావాలి. శీతకాలంలో గడ్డకట్టిన చెరువుల నుండి మంచును కోసి, ఆ నేలమాళిగలలో నిలవచేసేవారు. పీపాలు గుఱ్ఱపు బండ్లపై ఊరి పానశాలలకు చేరేవి. ఈ పద్ధతిలో 1873 నాటికి ఆ దేశంలో 4,131 బ్రూవరీలు నడుస్తుండేవి.

అక్కడినుండి క్షీణదశ ఆరంభమైనది. 1876లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లూయీ పాశ్చర్ బీరును గురించి తన గ్రంథాన్ని ప్రకటించాడు. సీసాలోని బీరును మితంగా వేడిచేస్తే చెడగొట్టే సూక్ష్మజీవులు నశిస్తాయని వ్యాపారులు గ్రహించారు. అదే దశకంలో జర్మనీలో కార్ల్ లిండే శీతలీకరణ యంత్రాన్ని నిర్మించాడు. సెయింట్ లూయిస్ నగరంలో అడాల్ఫస్ బుష్ ఈ విద్యలను అందిపుచ్చుకొని, మంచుతో చల్లబరచిన రైలుపెట్టెలలో తన బీరును దూరప్రాంతాలకు పంపసాగాడు. బీరు ప్రయాణం నేర్చినది. ఆనాడే ఊరి బ్రూవరీకి కీడు మూడినది. 1915 నాటికి వాటి సంఖ్య సుమారు 1,300కు దిగిపోయినది.

శాస్త్రం ఆరంభించిన పనిని చట్టం కొనసాగించినది. 1920 జనవరిలో దేశమంతటా మద్యనిషేధం అమలులోకి వచ్చి, 1933 డిసెంబరు వరకు నిలిచినది. ఆ పదమూడు సంవత్సరాలను పెద్ద సంస్థలు ఈస్టు, మాల్టు పాకం, ఐస్‌క్రీము వంటివి అమ్మి గడిపాయి. చిన్నవారికి అటువంటి ఆధారం లేదు. నిషేధం తొలగినప్పుడు తిరిగి పొయ్యి వెలిగించగలిగినది ఎక్కువగా మూలధనం ఉన్నవారే. చట్టం ఉద్దేశించినది ఒకటి; చివరకు ఫలించినది మరొకటి.

తరువాత 1935లో బీరు డబ్బాలు వచ్చాయి. రెండవ ప్రపంచయుద్ధానంతరం టెలివిజను ప్రకటనలు వచ్చాయి. దేశమంతటికీ ఒకే పేరు, ఒకే రుచి. పెద్ద చేప చిన్న చేపను మ్రింగటంతో కథ ఆగలేదు. ఒకప్పుడు దేశంలో అగ్రస్థానం వహించిన మిల్వాకీలోని ష్లిట్జ్ సంస్థను 1982లో స్ట్రో సంస్థ కొన్నది. 1999లో ఆ స్ట్రో సంస్థయే ఇతరుల పాలైనది. 1970 దశకం చివరకు దేశం మొత్తం మీద వంద బ్రూవరీలు కూడ మిగలలేదు.

అయితే శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక దీపం ఆరకుండా నిలిచినది. 1896లో ఆంకర్ అనే పేరు పొందిన ఆ బ్రూవరీలో తయారయ్యేది స్టీమ్ బీరు. మంచు దొరకని ఆ తీరంలో, లాగర్ ఈస్టునే వెడల్పాటి లోతులేని తొట్లలో, చల్లదనం లేకుండా పులియబెట్టే పద్ధతి అది. లేమిలో పుట్టిన రుచి. 1965లో అది మూతపడబోతుండగా, బట్టలుతికే యంత్రాల వ్యాపారంలో పేరుగాంచిన కుటుంబానికి చెందిన ఫ్రిట్జ్ మేటాగ్ దానిని కొని నిలబెట్టాడు. 1976లో జాక్ మెకాలిఫ్ సొనోమాలో న్యూ ఆల్బియన్ స్థాపించాడు. అది 1982లో మూతపడినా మార్గం చూపినది. 1978లో ఇంటిలో బీరు చేసుకొనటానికి కేంద్ర చట్టం అనుమతించినది. వంటయింటిలో నేర్చిన విద్యతో అనేకులు బ్రూవరీలు నెలకొల్పారు. 2020 దశకంలో వాటి సంఖ్య 9,000 దాటినది.

ఇది విజయమేనా? 2008లో బుష్ వారసుల సంస్థనే ఇన్‌బెవ్ సుమారు 5,200 కోట్ల డాలర్లకు కొన్నది. 2011లో ఆ సంస్థ షికాగోలోని గూస్ ఐలండ్ అనే చిన్న బ్రూవరీని తనలో కలుపుకొన్నది. సీసాపై పాత పేరే ఉన్నది, యజమాని మారాడు. 2017లో ఆంకర్ కూడ జపానుకు చెందిన సపోరో సంస్థ చేతిలోకి వెళ్ళి, 2023లో మూతపడినది. 2024లో ఆ దేశంలో క్రొత్తగా తెరచిన బ్రూవరీలకన్న మూసివేసినవే ఎక్కువ.

చిన్న బ్రూవరీ ఓడినది రుచిలో కాదు. సరుకును దూరం చేర్చే బండి, దుకాణంలో దొరికే చోటు, కష్టకాలం గడుపుకొనే మూలధనం – ఈ మూడింటిలో ఓడినది. చేతిలో విద్య ఉన్నంతమాత్రాన చేతిపని నిలువదు. ఆ విద్యను గుర్తించి, దానికి చోటు వదిలే చట్టం, ఇరుగుపొరుగు కూడ ఉండాలి. మగ్గం నీడలో పెరిగిన మనకు ఈ సంగతి క్రొత్తది కాదు.