ఆలస్యం తాళానిదా, క్యూదా?

మీ కంప్యూటరు డిస్కులోని సమాచారాన్నంతా సంకేతలిపిలో భద్రపరిచారనుకోండి. పెద్ద ఫైలు కాపీ చేయబోతే యంత్రం నత్తనడక నడుస్తుంది. ఒక్కోసారి కాసేపు ఉలకదు, పలకదు. మీరు ఎవరిని అనుమానిస్తారు? సంకేతలిపి లెక్కలనే కదూ! కానీ అసలు దోషి వేరే ఉండవచ్చు.

లినక్స్‌లో ఈ పని చేసే భాగం పేరు డీఎం-క్రిప్ట్. అది 2004లో వచ్చింది. ఆనాటి డిస్కు గిర్రున తిరిగే పళ్లెం. దాన్ని చదివే హెడ్డు ఒక చోటి నుంచి మరో చోటికి జరగడానికే కొన్ని మిల్లీసెకన్లు పట్టేది. డిస్కు పని ముగిసిందని ప్రాసెసరుకు కబురందే క్షణంలో సుదీర్ఘమైన లెక్కలు చేయకూడదు. అందుకని చదివిన సమాచారాన్ని విప్పే పనిని ఒక క్యూలో నిలబెట్టారు. కెర్నెల్ వాడే స్టాక్ మెమరీని పొదుపు చేయడానికి 2006లో రాసే పనినీ క్యూలోకి మళ్లించారు. హెడ్డు తిరుగుడు తగ్గించడానికి, రాయవలసిన ముక్కలను స్థానాల వారీగా పేర్చే ఏర్పాటు 2015లో చేరింది. వీటిలో ఏదీ తెలివితక్కువ పని కాదు సుమా!

ఈలోగా తిరిగే పళ్లెమే లేని ఎస్‌ఎస్‌డీలు వచ్చాయి. 2010 నుంచి ఇంటెల్ ప్రాసెసర్లలో సంకేతలిపి లెక్కలకు ప్రత్యేక ఆదేశాలూ చేరాయి. క్యూలు మాత్రం అలాగే ఉండిపోయాయి.

2020 మార్చిలో క్లౌడ్‌ఫ్లేర్ సంస్థ ఇంజనీర్లు తాము చేసిన ఒక ప్రయోగాన్ని వివరించారు. డిస్కు మీద అనుమానమే రాకుండా మెమరీనే డిస్కుగా వాడారు. తాళం లేనప్పుడు సెకనుకు 1100 మెగాబైట్లకు పైగా చదవగలిగారు. తాళం వేస్తే 150 కూడా దాటలేదు. విచిత్రమేమంటే, లెక్కలను మాత్రమే విడిగా కొలిస్తే అవి సెకనుకు 1000 మెగాబైట్లకు మించి సాగాయి! మరి కాలమంతా ఎక్కడికి పోయింది? ఒక క్యూ నుంచి మరో క్యూకు మారుతూ, వంతు కోసం కాచుకోవడంలో.

క్యూలను తప్పించే రెండు ఐచ్ఛికాలు అదే ఏడాది అక్టోబరులో లినక్స్ 5.9లో చేరాయి, ఒకటి చదవడానికి, రెండోది రాయడానికి. అవి వాటంతట అవి అమలు కావు, మనమే కోరుకోవాలి. తిరిగే డిస్కు ఉన్నవారికి పాత పద్ధతే మేలు కావచ్చు.

మీ యంత్రం మొరాయిస్తే ముందు క్రిప్ట్‌సెటప్ బెంచ్‌మార్క్ ఆదేశం ఇచ్చి చూడండి. అది డిస్కును ముట్టుకోకుండా లెక్కల వేగాన్ని మాత్రమే చెబుతుంది. ఆ అంకె పెద్దదిగా ఉండి కాపీ మాత్రం నెమ్మదిగా సాగుతుంటే, తాళాన్ని వదిలి క్యూ వైపు, డిస్కు వైపు వెతకండి.