టార్చి సెల్లులో నల్లపొడి

విశాఖపట్నానికి పెద్ద రేవు వచ్చిందంటే అది చాలావరకు మాంగనీసు రాయి పుణ్యమే. ఉక్కు ఫ్యాక్టరీ, రిఫైనరీ ఆ తర్వాతి సంగతులు. మధ్యపరగణాల గనుల్లో తవ్విన రాయిని దగ్గరదారిన సముద్రానికి చేర్చాలని రాయపూర్–విజయనగరం రైలుమార్గం వేశారు. అది 1931 నాటికి పూర్తయింది. 1933 అక్టోబరు 7న సింధియా కంపెనీ ఓడ ‘జలదుర్గ’ కొత్త రేవులోకి మొదటగా అడుగుపెట్టింది. డిసెంబరు 19న వైస్రాయి విల్లింగ్డన్ వచ్చి లాంఛనం ముగించాడు.

అంతకు నలభై ఏళ్ల కిందటే రాయి మన దగ్గరే తవ్వేవారు. దేశంలో మాంగనీసు తవ్వకం మొదలైంది 1892లో, అప్పటి విశాఖ జిల్లాలోని విజయనగరం ప్రాంతంలో. రేవు లేదు కనుక సరుకును పడవల్లోకెత్తి, దూరంగా లంగరు వేసిన ఓడలకు చేర్చేవారు. 1909లో జియలాజికల్ సర్వే తరఫున లీ ఫెర్మర్ అనే దొర దేశంలోని మాంగనీసు నిక్షేపాల మీద బండెడు గ్రంథం రాశాడు. కోడూరు గనుల దగ్గర కనబడ్డ ఒక శిలకు ‘కోడూరైట్’ అని పేరు పెట్టింది ఆయనే. ఊరిపేరు భూగర్భశాస్త్రంలో నిలిచిపోయింది. ఆ ఊరివాళ్లలో ఎందరికి తెలుసో మరి!

మా నాన్నకు పూర్ణా మార్కెట్ వెనక సందులో టార్చిలైట్లు, రేడియోలు బాగుచేసే కొట్టుండేది. రేవులో ఎగుమతి పనికి పోయే కళాసీలు సాయంత్రం ఆ దారిన వచ్చి సెల్లులు కొనుక్కునేవారు. సెల్లు చితికితే బయటపడే నల్లపొడి మన కొండల రాయేనని వాళ్లకు గట్టి నమ్మకం. పగలంతా చేతులకు అంటేదీ ఆ నలుపే కదా. “సెల్లు సచ్చిపోనాది బావూ, ఎండలో ఎట్టినా నెగట్నేదు” అంటూ పాతవి బల్లమీద పెట్టేవారు.

పారేసిన సెల్లులు విప్పడం నా పని. పైన ఇత్తడి టోపీ, దాని కింద గట్టిపడ్డ తారు, చుట్టూ జింకు డబ్బా, నడిమధ్య బొగ్గుకడ్డీ. కడ్డీకీ డబ్బాకీ నడుమ కూరి ఉన్న తడి నల్లముద్దే మాంగనీసు డయాక్సైడు. కరెంటు సులువుగా పారడానికి అందులో మసిపొడి కూడా కలిపేవారు. బాగా వాడిన సెల్లులో జింకు చిల్లులుపడి, అంచున తెల్లటి ఉప్పు పేరుకుని ఉండేది. కడ్డీలు గోడల మీద రాతలకు మా వాటా. ముద్దను బడికి పట్టుకెళితే దొండాకు పసరుతో నూరి బోర్డుకు పూసేవారు. ఎండలో పెడితే సెల్లు మళ్లీ ఒకటి రెండు రాత్రులు వెలగడం ఒట్టి భ్రమేమీ కాదు. కరెంటు తీసేకొద్దీ డయాక్సైడు గింజల పైపొరే ముందు అలసిపోతుంది, లోపలిది అలాగే మిగిలి ఉంటుంది. వేడి తగిలితే పైన చేరిన హైడ్రోజన్ అయాన్లు లోపలికి పాకుతాయి, పైపొరకు కాస్త చోటు దొరుకుతుంది. ఈ సంగతి నేను కాలేజీలో కెమిస్ట్రీ చెప్పే రోజుల్లో పిల్లలకు ఏ పుస్తకం తెరవకుండానే చెప్పేవాణ్ని.

కళాసీల నమ్మకం మాత్రం నిజం కాదు. మన ప్రాంతపు రాయిలో ఇనుము ఎక్కువ, భాస్వరం ఎక్కువ. అది ఉక్కు కొలిమికి పోయింది. గరివిడి దగ్గర ఫెర్రో అల్లాయ్స్ వారు 1950లలో ఫ్యాక్టరీ పెట్టిందీ ఫెర్రోమాంగనీసు కోసమే. ఉక్కువాళ్లకైనా భాస్వరం గిట్టదు, ఉక్కు పెళుసుబారుతుంది. అందుకే మన రాయికి మొదటినుంచీ ధర దగ్గర చిన్నచూపే.

సెల్లువాళ్ల పేచీ వేరు. ఫ్రాన్సుకు చెందిన లెక్లాన్షే 1866లో మాంగనీసు డయాక్సైడుతో బ్యాటరీ చేసిన నాటినుంచీ వాళ్లకు ఒకటి అనుభవంలో ఉంది: ఏ గని రాయి పడితే ఆ గని రాయి పనికిరాదు. రసాయనశాలలో తూకం వేస్తే అదే మాంగనీసు, అదే ఆక్సిజన్, అదే పాళ్లు. తేడా అంతా పరమాణువుల అమరికలో ఉంది. పైరోలుసైట్ అనే రకంలో పరమాణువుల మధ్య సొరంగాలు ఇరుకు. రామ్స్‌డెల్లైట్‌లో రెట్టింపు వెడల్పు. పూర్ణా మార్కెట్లో తెల్లవారుజామున కూరల గంపలు దిగే వేళ నిలబడితే ఇది అర్థమవుతుంది. రెండు గంపలు తప్పుకోగల సందులో సరుకు పారుతుంది. ఒక్క గంపే పట్టే సందులో ఒకడు ఆగాడంటే వెనకవాళ్లంతా ఆగాల్సిందే. బ్యాటరీకి బాగా పనికొచ్చే గామా రకం ఈ రెండు అమరికల కలగలుపని 1959లో డి వుల్ఫ్ తేల్చాడు. దాన్ని గనిలో వెతకడం కన్నా విద్యుద్విశ్లేషణతో తయారుచేసుకోవడమే మేలని పరిశ్రమ ఆ దారి పట్టింది. చిత్రమేమిటంటే జింకు తీసే కార్ఖానాల్లో ఆనోడ్ల మీద మాంగనీసు డయాక్సైడు బురదగా పేరుకుంటుంది, దాన్ని గీకి తీయాలి. మన ఊళ్లోనూ 1977లో జింక్ స్మెల్టర్ వచ్చింది.

తర్వాతి మలుపు కూడా టార్చి సెల్లు కంపెనీ నుంచే వచ్చింది. ఎవరెడీ సెల్లులు చేసిన యూనియన్ కార్బైడ్‌లో పనిచేసే జేమ్స్ హంటర్, లిథియం మాంగనీస్ ఆక్సైడును యాసిడ్‌లో నానబెట్టి లిథియాన్ని లాగేశాడు. పరమాణువుల చట్రం కూలకుండా నిలిచింది. అది 1981. మాంగనీసుకు పెట్టింది పేరైన దక్షిణాఫ్రికా నుంచి ఆక్స్‌ఫర్డుకు వెళ్లిన మైకేల్ థాకరే, అక్కడి ప్రొఫెసర్ గుడెనఫ్ దగ్గర పనిచేస్తూ అదే చట్రంలోకి లిథియాన్ని ఎక్కించి చూపాడు. 1983లో ఆ పేపరు వచ్చింది. తిరుపతి ఎస్వీ యూనివర్సిటీలో ఓ.ఎం. హుస్సేన్ ఈ పదార్థాన్నే పలుచని పొరలుగా వేసి ఏళ్ల తరబడి పరిశోధించారు. దీనికున్న జబ్బు వేడి. వేడెక్కితే మాంగనీసు కొద్దికొద్దిగా ద్రావణంలోకి కరిగిపోతుంది. మే నెల విశాఖలో పెరిగినవాడికి ఇది చిన్న లోపంగా తోచదు.

నన్ను ఎక్కువగా పట్టుకున్నది మాత్రం 1997 నాటి మరో పేపరు. పాధి, నంజుండస్వామి, గుడెనఫ్ కలిసి లిథియం ఐరన్ ఫాస్ఫేట్‌ను బ్యాటరీ పదార్థంగా చూపింది అందులోనే. ఇనుముకు బదులు కొంత మాంగనీసు కలిపిన రకాన్నీ వాళ్లు అప్పుడే పరీక్షించారు. ఇనుము ఇచ్చే వోల్టేజీ 3.4 దగ్గర ఉంటే, మాంగనీసుది 4.1 వోల్టుల దాకా వెళుతుంది. అంటే అదే బరువుకు ఎక్కువ శక్తి. మాంగనీసు, ఇనుము, భాస్వరం: మన రాయిని కొనేవాళ్లు కోరినదీ, తిట్టిన రెండూ ఒకే గింజలో!

ఇక్కడ కంప్యూటర్ ముందు నడిచింది. 2004లో ఎంఐటీలో సీడర్ బృందం క్వాంటం లెక్కలు కట్టి, ఈ పదార్థంలో లిథియం అటూ ఇటూ పోలేదనీ, ఒకే దిక్కున ఉన్న సన్నని దారుల్లోనే కదులుతుందనీ చెప్పింది. ఆ దారిలో ఒక ఇనుప పరమాణువు తప్పుచోట కూర్చుంటే దాని వెనకున్న లిథియమంతా బందీ. వోల్టేజీలను కూడా మామూలు లెక్క తక్కువ చేసి చూపుతుంటే, ఎలక్ట్రాన్ల పరస్పర వికర్షణను సరిగ్గా కలిపి సవరించారు. అప్పుడు జవాబు ప్రయోగానికి దగ్గరపడింది. నాలుగేళ్లకు, 2008లో, జపాన్‌లో యమదా బృందం న్యూట్రాన్లతో చూస్తే లిథియం నిజంగానే వంపు తిరిగిన ఆ దారిలో కనబడింది. దారి ఒక్కటే అయితే దాన్ని పొట్టిగా ఉంచడమే ఉపాయం. అందుకే గింజలను నానోమీటర్ల సైజుకు దించి, పైన కార్బన్ పూస్తారు. హైదరాబాదులోని ఏఆర్‌సీఐ పరిశోధన సంస్థలో ఐరన్ ఫాస్ఫేట్ పొడి తయారీ మీద చాలాకాలంగా పని జరుగుతోంది. మాంగనీసు కలిపిన రకం ఇప్పుడు ప్రపంచమంతా పోటీగా చేస్తున్నారు.

నా పాత విద్యార్థి ఒకడు మొన్న ఈ మాట విని ఎగిరి గంతేశాడు: “అయితే మాస్టారూ, మన రాయి నూరి పోస్తే చాలు కదా!” చాలదు నాయనా. రాయిని యాసిడ్‌లో కరిగించి, అందులో ఉన్న ఇనుము, భాస్వరం ముందు పూర్తిగా తీసేయాలి. మిగిలిన మాంగనీసు సల్ఫేటును స్ఫటికాలుగా శుద్ధి చేయాలి. ఆ తర్వాత అదే ఇనుము, అదే భాస్వరం, శుభ్రమైనవి బయట కొనితెచ్చి తూచి కలపాలి. వాడు కాగితం మీద ఖర్చు లెక్కవేశాడు, కాసేపు పెన్ను కొరుకుతూ కూర్చున్నాడు. గనివాడి బేరంలో మాత్రం భాస్వరం ఎక్కువున్న రాయికి ఇప్పటికీ ధర కోతే.