దాస్య నిషేధ చర్చలు – సర్కారుల ప్రకృతి లేఖనము

గుండుగొలను అను గ్రామనామములోని 'గొలను' కొలనే. గసడదవాదేశమున అట్లు మారినది. కొల్లేటి యొడ్డు పల్లెల పేర్లు కొన్ని ఇట్లు నీటిని తమలో నిలుపుకొన్నవి. మనుష్యుల స్థితిని తెలుపు మాటలను మాత్రము ఆంగ్లాధికారులు ఇంత శ్రద్ధతో వినలేదనుటకు దాస్యమును గూర్చిన చర్చలే నిదర్శనము.

1818లో మద్రాసు రెవిన్యూ బోర్డు తమిళ, మలయాళ ప్రాంతముల కూలిజనములో అధికభాగము దాస్యమున నున్నదనియు, తెలుగు జిల్లాలవారు మొత్తముమీద స్వతంత్రులనియు తలచెను. 1833లో కంపెనీ పట్టాను పొడిగించు బిల్లు బ్రిటిష్ పార్లమెంటునకు వచ్చినప్పుడు, 1837 ఏప్రిల్ 12 నాటికి దాస్యము అంతము కావలెనను నిబంధన అందుండెను. ప్రభువుల సభలో డ్యూక్ ఆఫ్ వెల్లింగ్టన్ మొదలగువారు ఎదిరింపగా గడువు తొలగినది. క్షేమముగ వీలైనప్పుడు చూచుకొనవచ్చునను ధోరణి మిగిలినది. ఆ యేటనే వెలువడిన సామ్రాజ్య దాస్యవిమోచన శాసనము కంపెనీ రాజ్యమునకు వర్తింపలేదు. లా కమిషను నివేదిక 1841లోను, అయిదవ చట్టము 1843లోను వచ్చినవి.

ఈ చట్టము నాలుగే సెక్షన్లు. బానిసలు విడుదలైరని అందెచ్చటను లేదు. డిక్రీకిగాని శిస్తు బాకీకిగాని బానిస యని మనిషిని అమ్మరాదు. బానిసపై హక్కును న్యాయస్థానము అమలుపరుపరాదు. బానిస యను నెపమున ఆతని ఆస్తిని లాగికొనరాదు. స్వతంత్రునియెడ నేరమైనది బానిసయెడను నేరమే. అప్పుపత్రమునకు కట్టువడిన పాలేరు ప్రసక్తి అందు లేదు. ఏజెన్సీలో అప్పుదాస్యమును రద్దుచేయుటకు 1940లో వేరొక రెగ్యులేషను, దేశమంతటికి 1976లో చట్టము కావలసివచ్చెను.

1845 నుండి 1854 వరకు ఉత్తర సర్కారుల కమిషనరైన వాల్టర్ ఇలియట్ 1859లో 'ఫ్లోరా ఆంధ్రికా' ప్రకటించెను. మొక్కల తెలుగు పేర్లకు శాస్త్రనామములను జోడించిన పట్టిక యది. (మన నిఘంటుకారులు దీనిని ఇంకను వాడుకొనవలసియున్నది.) బోర్డువారు పాలేరు, జీతగాడు, వెట్టివాడు అను మాటలను ఇట్లే వరుసపెట్టి విచారించియుండినచో 'స్వతంత్రులు' అను తీర్పు అంత సులువుగ వెలువడియుండదని నా యభిప్రాయము.

పశ్చిమ గోదావరి జిల్లా ఆరేడులో గూడబాతుల నివాసమును 1946లో కె. కె. నీలకంఠన్ కనుగొని, 1949లో బొంబాయి ప్రకృతిచరిత్ర సంఘపు పత్రికలో వర్ణించెను. 1970 దశకము నాటికి ఆ పక్షులు అచ్చట లేవు. ఆతని వ్రాత ఉన్నది. పాలేరుతనపు మాటలును అట్లే పోవుచున్నవి. కొల్లేటి పల్లెలకు పోవు పరిశోధక విద్యార్థి తేదీ, స్థలము, విన్న మాట, చెప్పినవారి వృత్తి అప్పటికప్పుడు వ్రాసికొనవలెను: కుదుర్పు ఏ మాసమున జరిగెడిది, ధాన్యమెంత, తండ్రి అప్పు కుమారునికి సంక్రమించెడిదా, ఆ సంక్రమణమునకు ఊరిలో ఏ పేరుండెను.