రాచపుండు మొండితనము: ఒక అక్షరము కథ

మోకు కొస పీచులుగా విడిపోకుండ ముడి వేయుట మనకందరకును తెలిసినదే. మన జీవకణములలోని క్రోమోజోముల కొసలకు ప్రకృతియు నిట్టి ముడులనే వేసినది. 1938లో హెర్మన్ ముల్లర్ వీనికి టెలోమియర్లని పేరు పెట్టెను. ఎక్స్‌కిరణములు సోకిన పండ్ల ఈగలలో క్రోమోజోములు తెగుటను పరిశీలించి, సహజమైన కొసలకు ప్రత్యేక రక్షణ కలదని ఆయన గ్రహించెను. ఆ కాలముననే మొక్కజొన్నపై కృషి చేసిన బార్బరా మెక్లింటాక్, తెగిన కొసలు ఒకదానితో నొకటి అతుకుకొనునని చూపిరి.

ఈ కొసలకును రాచపుండునకును సంబంధమేమి? మానవ కణములను శరీరమునకు వెలుపల పెంచినచో సుమారు 50 పర్యాయములు విభజన చెంది ఆగిపోవునని 1961లో లెనార్డ్ హేఫ్లిక్, పాల్ మూర్‌హెడ్ తెలిపిరి. విభజన జరిగినపుడెల్ల కొస కొంత తరుగుటయే హేతువని 1971లో సోవియట్ శాస్త్రజ్ఞుడు అలెక్సీ ఒలోవ్నికోవ్ ఊహించెను. ఈ మితియే మనకొక రక్ష. అదుపు తప్పిన కణము సైతము ఒకనాటికి ఆగవలసినదే. కాని రాచపుండు కణము ఆగదు.

దీనికి సమాధానము చెరువు నీటిలో దొరకినది. టెట్రహైమినా అను ఏకకణజీవి కొసలలో ఆరేసి అక్షరముల వరుస పదేపదే వచ్చుచున్నదని 1978లో ఎలిజబెత్ బ్లాక్‌బర్న్, జోసెఫ్ గాల్ ప్రకటించిరి. తరిగిన కొసను తిరిగి పొడిగించు ఎంజైము జాడను 1984 క్రిస్మస్ నాడు బ్లాక్‌బర్న్ శిష్యురాలు కెరోల్ గ్రైడర్ కనుగొనిరి. అదియే టెలోమరేజు. వారిరువురకును, జాక్ షోస్టాక్‌నకును 2009లో నోబెల్ బహుమానము లభించినది.

పెద్దవారి శరీరములో పెక్కు కణములయందు ఈ ఎంజైము అణగియుండును. రాచపుండ్లలో అధికభాగమున అది మేల్కొని యున్నదని 1994లో తేలినది. మేల్కొలిపిన దెవరు? 2013లో చర్మపు రాచపుండును పరీక్షించిన రెండు బృందములు దోషము జన్యువులో గాక, దాని ముందున్న మీటవంటి భాగములో నున్నదని చూపినవి. అచ్చట రెండు స్థానములలో ఏదో యొకదానియందు సి అను అక్షరము టిగా మారినచో చాలును. ఎంజైమును పుట్టించు జన్యువు మేల్కొనును. ఆ యేడే నాలుక పుండ్లలోను ఈ మార్పు కనబడినది. పిమ్మట భారతదేశములోని పరిశోధకులును నోటి రాచపుండ్లలో దీనిని తరచుగా చూచిరి. పాపిలోమా వైరసు వలన గొంతులో పుట్టు పుండ్లలో మాత్రము ఇది అరుదు. అచ్చట వైరసు తన ప్రోటీను చేతనే టెలోమరేజును లేపుకొనును. దారులు రెండు, చేరు చోటొకటి.

ఈ ఎంజైము నణచు ఔషధ మొకటి 2024లో అమెరికాలో అనుమతి పొందినది; అయితే అది ఒక రక్తవ్యాధికే గాని నోటి పుండునకు గాదు. రక్తమును పుట్టించు మంచి కణములకును ఈ ఎంజైము కావలసియుండుటచే దాని నణచుట సున్నితమైన పని.

కనుక మీట తిరుగక పూర్వమే మనము జాగ్రత్తపడవలెను. చుట్ట నిప్పుకొసను నోటిలో నుంచుకొను అడ్డపొగ అలవాటును గురించి శ్రీకాకుళము ప్రాంతమున 10,169 మంది గ్రామస్థులను పరీక్షించిన ఫలితములు 1971లో వెలువడినవి. అంగిటిపై దాని హాని వానిలో స్పష్టము. అక్షరము మారినది కంటికి కానరాదు. మానని పుండు, తెల్లని మచ్చ కానవచ్చును. రెండు మూడు వారములకు తగ్గని దానిని వైద్యునకు చూపుటయు, పొగాకును విడుచుటయు మన చేతిలోనివే.