పసుపు ఓటు ఎటు పోయింది?

2019 ఏప్రిల్ 11, గురువారం. దుబాయ్‌లోని జెబెల్ అలీలో అది పనిదినమే. అప్పట్లో అక్కడ వారాంతం శుక్ర, శనివారాలు. ఫ్రీజోన్ గోదాముల్లో పనిచేసే ఆర్మూర్, కోరుట్ల, జగిత్యాల వాళ్లు డ్యూటీకి వెళ్లారు. ఊళ్లో మాత్రం నిజామాబాద్ లోక్‌సభ స్థానానికి పోలింగు. ప్రవాస భారతీయులకు 2010 చట్ట సవరణ ఓటు ఇచ్చింది గానీ, బూత్‌కు స్వయంగా వచ్చి వేయాలంది. తమ తరఫున మరొకరితో వేయించుకునే వీలు కల్పించే బిల్లు 2018లో లోక్‌సభ దాటి అక్కడితో ఆగిపోయింది. ఓటు కోసం విమానం టికెట్టు కొనగల కూలీ ఎందరుంటారు?

ఆ ఎన్నిక మామూలుది కాదు. 185 మంది బరిలో నిలిచారు. 170 మందికి పైగా పసుపు బోర్డు, గిట్టుబాటు ధర కోరుతున్న పసుపు, ఎర్రజొన్న రైతులే. ఒక్కో బూత్‌లో 12 బ్యాలెట్ యూనిట్లు వరుసగా పేర్చాల్సి వచ్చింది. ఈ ఎత్తుగడ కొత్తదేం కాదు. 1996లో ఫ్లోరైడ్ నీటి గోడు వినిపించడానికి నల్లగొండలో 480 మంది పోటీ చేశారు. దరిమిలా డిపాజిట్టును 500 నుంచి 10,000 రూపాయలకు పెంచారు. 2019 నాటికి అది 25,000. అంత కట్టి మరీ నిజామాబాద్ రైతులు నిలబడ్డారు.

బీజేపీ అభ్యర్థి ధర్మపురి అర్వింద్‌కు 4,80,584 ఓట్లు, టీఆర్‌ఎస్ సిట్టింగ్ ఎంపీ కవితకు 4,09,709. తేడా 70,875. ప్రధాన పార్టీలకు పోగా మిగిలినవి దాదాపు లక్ష. రైతులే ఆమెను ఓడించారని అందరూ తేల్చేశారు. లెక్క వేస్తే అంత తేలిగ్గా ఒప్పుకోలేం. వాళ్లు పోటీలో లేకపోతే ఆమె గెలవాలంటే, ఆ లక్షలో నూటికి 85కు పైగా ఆమెకే పడాలి. పసుపు బోర్డు రాలేదని కోపంతో ఉన్నవాళ్లు అలా వేస్తారా? నా మటుకు నమ్మను. పోటీతో వాళ్లు సాధించింది వేరు: పసుపు ధరనే ఎన్నిక చేశారు. బోర్డు తెస్తానని బాండ్ పేపరు రాసిచ్చింది అర్వింద్. ఆ బోర్డు నిజామాబాద్‌లో మొదలైంది 2025 జనవరిలో.

మన లోక్‌సభ పద్ధతిలో ఓటరు రెండో ఇష్టం ఎక్కడా నమోదు కాదు. అందుకే ఈ వాదన తెగదు. అదే నేలమీద ఇంకో పద్ధతీ నడుస్తుంది. 2025 ఫిబ్రవరిలో మెదక్–నిజామాబాద్–ఆదిలాబాద్–కరీంనగర్ పట్టభద్రుల ఎమ్మెల్సీ స్థానానికి 56 మంది పోటీపడ్డారు. సగానికి మించి మొదటి ప్రాధాన్య ఓట్లు ఎవరికీ రాలేదు. అట్టడుగు నుంచి ఒక్కొక్కరినీ తొలగిస్తూ, వాళ్ల ఓట్లను రెండో ప్రాధాన్యం ప్రకారం పంచుతూ పోయారు. 60 వేలకు పైగా తెచ్చుకున్న ప్రసన్న హరికృష్ణ మూడో స్థానంలో ఆగిపోయారు. మొదట ముందున్న అంజిరెడ్డే చివరికీ గెలిచారు. చిన్న అభ్యర్థులు ఫలితాన్ని తారుమారు చేయలేదన్న సంగతి ఇక్కడ కాగితం మీద తేలింది.

ఆ కూలీలు పనిచేసే ఎమిరేట్స్‌లోనూ ఎన్నికలున్నాయి, అక్కడి పౌరులకు మాత్రమే. ఫెడరల్ నేషనల్ కౌన్సిల్‌లో 40 మంది సభ్యుల్లో 20 మందిని ఎన్నుకుంటారు. దుబాయ్‌కి అందులో నాలుగు. 2015 నుంచి ఓటరుకు ఒకే ఓటు. ఒకే వర్గం నుంచి ఇద్దరు దిగితే ఒకరి ఓట్లను ఒకరు కోసుకుంటారు. పంచిపెట్టే రెండో ప్రాధాన్యం లేదు.

అన్నట్టు, ఆ పట్టభద్రుల ఎన్నికలో మొదటి ఇద్దరి మధ్య తేడా ఐదు వేల పైచిలుకు. అంకెకు బదులు టిక్కు పెట్టడం వంటి పొరపాట్లతో చెల్లకుండా పోయిన ఓట్లు సుమారు 28 వేలు.